హాము శాపం, నల్లజాతి అల్లుడు, ప్రభువు బల్ల

బాబూ, వందనాలు.

నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీ చెల్లెలు డల్లాస్‌లో తనతో పనిచేసే నల్లజాతి యువకుణ్ణి పెళ్లి చేసుకోవాలనుకుంటోంది. అబ్బాయి మారుమనసు పొందినవాడు, వాళ్ల సంఘంలో పిల్లలకు సండే స్కూలు చెబుతాడు. మీ తెలుగు సహవాసంలో ఒక పెద్దాయన అందరి ముందూ "వాళ్లు హాము సంతానం, శాపం కింద ఉన్నవాళ్లు, వాక్యం ఒప్పుకోదు" అన్నారు. అమ్మాయి ఏడ్చి సహవాసానికి రావడం మానేసింది. ఇప్పుడు అదే పెద్దలు "క్షమించుకుని సమాధానపడండి, ఇక పెద్దది చేయకండి" అంటున్నారు. బైబిలు నిజంగా అలా చెబుతోందా, సమాధానపడటమంటే నోరు మూసుకోవడమేనా అని అడిగావు.

నేను 34 ఏళ్లు పాస్టరుగా ఉన్నాను. మధ్యలో తొమ్మిదేళ్లు బైబిలు కళాశాలలో సంఘ చరిత్ర చెప్పాను. నాకు తెలిసింది చెబుతాను, నేను చేసిన తప్పుతో సహా.

ముందు హాము సంగతి. ఆదికాండం 9వ అధ్యాయం తీసి నువ్వే చదువు. నోవహు ద్రాక్షారసం తాగి గుడారంలో పడి ఉన్నాడు, హాము చూసి అన్నదమ్ములకు చెప్పాడు. నోవహు లేచి శపించింది ఎవర్ని? హామును కాదు, "కనాను శపింపబడినవాడై" అన్నాడు. హాముకు నలుగురు కొడుకులు: కూషు, మిస్రాయిము, పూతు, కనాను. ఇందులో కూషు అంటే ఈజిప్టుకు దక్షిణాన, నేటి సూడాన్ వైపు ఉన్న దేశం. నల్లని మనుషుల దేశమని బైబిలు చెప్పేది దాన్నే. శాపం ఆ కూషు మీద పడలేదు. పడిన కనాను సంతానమేమో ఆఫ్రికాలో కాక, తర్వాత ఇశ్రాయేలీయులు చేరిన దేశంలో కాపురమున్నారు. ఆ కనానీయుల్లోనే యెరికో పట్టణపు రాహాబు ఉంది. మత్తయి 1:5 చూడు, యేసుప్రభువు వంశావళిలో ఆమె పేరుంది. శాపం కింద ఉన్న వంశమని పెద్దలు భయపడుతున్నారు కదా, అలాంటి వంశపు ఆడకూతురు దావీదుకు పూర్వికురాలు.

నోవహు శాపం ఉన్న ఆ వచనంలో చర్మం రంగు గురించి ఒక్క మాట కూడా లేదు. ఆఫ్రికా మనుషుల్ని ఓడల్లో కుక్కి అట్లాంటిక్ దాటించి అమ్ముకున్న రోజుల్లో, వాళ్లను కొన్న క్రైస్తవ యజమానులకు మనస్సాక్షి నొప్పి తగ్గడానికి ఒక వచనం కావలసి వచ్చింది. "దాసానుదాసుడగును" అన్న మాట అక్కడ దొరికింది. అంతే దాని కథ. ఆ బోధ ఎన్ని చేతులు మారి మీ డల్లాస్ సహవాసం దాకా వచ్చిందో గాని, వాక్యంలోంచి మాత్రం రాలేదు.

పెళ్లి గురించే అయితే సంఖ్యాకాండం 12 ఉంది. మోషే కూషు దేశపు స్త్రీని పెళ్లి చేసుకున్నాడు. అక్క మిర్యాము, అన్న అహరోను ఆ స్త్రీని బట్టి మోషేకు విరోధంగా మాట్లాడారు. దేవుడు పిలిచి నిలదీసింది మోషేను కాదు, వీళ్లిద్దర్ని. మోషే మీద లేచినందుకు దేవునికి కోపం వచ్చిందన్నది నిజమే. అయినా మాట మొదలైంది ఆ భార్య దగ్గరే. మిర్యాము చర్మం మంచులాగా తెల్లగా అయిపోయింది, ఏడు రోజులు పాళెం బయట ఉంది. ఆమె లోపలికి వచ్చేదాకా జనమంతా ప్రయాణం ఆపుకుని కూర్చున్నారు. ఒక్క ఇంటి ఆడపడుచు మాటకు ఒక జనాంగమంతా వారం రోజులు కదలకుండా నిలిచిపోయింది. నేను ఈ అధ్యాయం మీద ప్రసంగించినప్పుడల్లా ఆ ఏడు రోజుల దగ్గర ఆగుతాను.

నాకు ఇంకా ఇష్టమైన మనిషి ఎబెద్మెలెకు. యిర్మీయా 38లో కనిపిస్తాడు. యిర్మీయాను సొంత జనమే బురద గోతిలోకి దింపేస్తే, రాజు ఇంట్లో పనిచేసే ఈ కూషీయుడు రాజుతో మాట్లాడి, తాళ్లు పట్టుకుని వచ్చాడు. ఊరికే లాగేయలేదు. ఖజానా కింది గదిలోంచి పాత గుడ్డపీలికలు తెచ్చి లోపలికి దించాడు. "ఇవి చంకల కింద పెట్టుకో, తాళ్లు ఒరుసుకోకుండా" అన్నాడు. ఎముకల గూడులా ఉన్న ప్రవక్త చర్మం ఒరుసుకుపోతుందని ఆలోచించిన మనిషి అతను. ప్రవక్తకు ఆ రోజు సొంత జాతివాళ్లు ఒక్కరూ అడ్డుపడలేదు.

ఇదంతా చెప్పినా మీ పెద్దాయన మనసు మారుతుందని నాకు పెద్దగా నమ్మకం లేదు. ఎందుకంటే ఆయనకు అడ్డం వచ్చింది ఆదికాండం కాదు. రంగు. నలుగురూ ఏమంటారో అన్న భయం. ఊళ్లో బంధువులకు పెళ్లి ఫోటో పంపాలంటే చెయ్యి రాకపోవడం. మన క్రైస్తవ పెళ్లి సంబంధాల ప్రకటనల్లోనే "ఎర్రగా, అందంగా ఉన్న వధువు కావలెను" అని, దాని పక్కనే "రక్షణ పొందిన" అని వేస్తాం. రెండూ ఒకే వాక్యంలో పక్కపక్కన కూర్చుంటాయి, మనకు ఏమీ అనిపించదు. వచనం తర్వాత వెతుక్కున్నదే.

మీరు ఉంటున్న దేశంలోనూ అలాగే వెతికారు. 1958లో వర్జీనియాకు చెందిన రిచర్డ్ లవింగ్ అనే తెల్లతను, మిల్డ్రెడ్ అనే నల్లజాతి మూలాలున్న ఆవిడ వాషింగ్టన్ వెళ్లి పెళ్లి చేసుకుని వస్తే, అర్ధరాత్రి పడకగదిలోకి వచ్చి పోలీసులు అరెస్టు చేశారు. అక్కడి న్యాయమూర్తి తర్వాత రాసిన తీర్పులో దేవుణ్ణే సాక్షిగా పిలిచాడు. సర్వశక్తుడు తెల్ల, నల్ల, పసుపు, మలే, ఎర్ర జాతుల్ని వేర్వేరు ఖండాల మీద పెట్టాడు కాబట్టి కలవకూడదన్నది ఆయన ఉద్దేశమట. వేరు జాతుల పెళ్లిని నేరం చేసిన ఆ వర్జీనియా చట్టాన్ని 1967 జూన్ 12న అమెరికా సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ న్యాయమూర్తి లెక్కలో మనం కూడా వేరే ఖండం వాళ్లమే. 1923లో భగత్ సింగ్ థింద్ అనే పంజాబీ పౌరసత్వం అడిగితే, నువ్వు తెల్లవాడివి కాదు పొమ్మని అదే సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. మన ఇంజినీర్లకు, డాక్టర్లకు తలుపు తెరిచిన వలస చట్టం వచ్చింది 1965లో. దానికి ముందు ఏడాది వచ్చిన పౌరహక్కుల చట్టం కోసం దెబ్బలు తిన్నదీ, జైళ్లకు పోయిందీ ఎవరు? నల్లజాతి విశ్వాసులు, వాళ్ల పాస్టర్లు. మీ పెద్దాయన గ్రీన్ కార్డు వెనక ఆ దెబ్బలున్నాయి. ఆయనకు ఈ మాట మెత్తగానే చెప్పు, కానీ చెప్పు.

ఇప్పుడు నా తప్పు దగ్గరికి వస్తాను. దానికి ముందు దక్షిణాఫ్రికా సంగతి కొంచెం చెప్పాలి.

అక్కడి డచ్ రిఫార్మ్‌డ్ సంఘం 1829లో, రంగూ పుట్టుకా చూడకుండా సభ్యులందరికీ ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షారసం, కలిపే ఇవ్వాలని తీర్మానించింది. అంటే వాళ్లకు వాక్యం తెలియక కాదు. 1857 సినడ్‌లోనూ, అంటే సంఘ మహాసభలోనూ, అందరూ ఒకే సంఘంలో ఉండటమే వాక్యానుసారం అని ముందు రాసుకున్నారు. ఆ వెంటనే, "కొందరి బలహీనత వలన" అది పనికి ఆటంకమైతే వేరే కట్టడంలో వేరుగా ఆరాధన పెట్టుకోవచ్చు అన్నారు. ఎవరి బలహీనత? నల్లవాళ్ల పక్కన మోకరించలేని తెల్లవాళ్లది. 1881కి రంగుజాతి వాళ్లకని, అంటే కలగలుపు మూలాలున్నవాళ్లకని, వేరే మిషన్ సంఘమే వెలిసింది. 1948లో అపార్తీడ్, అంటే జాతుల్ని విడదీసి పాలించే ప్రభుత్వం వచ్చేసరికి, సంఘంలో 90 ఏళ్లుగా అలవాటైన పద్ధతినే దేశానికి చట్టం చేసినట్టయింది. 1974లో అదే సంఘం బాబెలు గోపురం కథ చూపించి జాతులు వేరువేరుగా ఎదగడాన్ని సమర్థిస్తూ పత్రం కూడా రాసింది.

అంత పెద్ద దుర్మార్గం ద్వేషంతో మొదలవలేదు. ఎవరో నొచ్చుకుంటారని సర్దుబాటు చేయడంతో మొదలైంది.

తరగతిలో చెప్పడానికి ఈ 1857 తీర్మానం మొదటిసారి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకంటే అంతకు మూడేళ్ల ముందు నేనూ అదే చేశాను.

గుంటూరు వైపు ఒక ఊళ్లో పాస్టరుగా ఉన్నాను. నేను మాదిగపల్లెలో పుట్టినవాణ్ణి, సంఘంలో ఎక్కువమంది మా పల్లెవాళ్లే. వేరే కులం నుంచి మూడు కుటుంబాలు విశ్వాసంలోకి వచ్చాయి. మంచివాళ్లు, ప్రార్థనాపరులు. నెలలో మొదటి ఆదివారం ప్రభువు బల్ల. బల్ల మీద రంధ్రాలున్న అల్యూమినియం పళ్లెం, అందులో చిన్న చిన్న గాజు గిన్నెలు. ఆ కుటుంబాలు ఏదో ఒక సాకుతో బల్ల ఆదివారం మాత్రం వచ్చేవి కాదు. ఒక పెద్ద నా దగ్గరికి వచ్చి, "పాస్టరుగారూ, ఇంకో పళ్లెం కొనండి, సరిపోతుంది. జనం కూడా పెరిగారు కదా" అన్నాడు. జనం పెరిగిన మాట నిజమే. కొన్నాను. రెండో పళ్లెం ఎడమ వైపు నుంచి మొదలయ్యేది, ఆ కుటుంబాలు ఎడమ వైపు కూర్చునేవి. నేను నోటితో ఎవరికీ ఏమీ చెప్పలేదు. సంఘం చీలకూడదని నా బాధ.

నాలుగో నెలలో, బల్లకు ఎన్నడూ తప్పని ఒక ముసలావిడ రాలేదు. ఒంట్లో బాగాలేదేమోనని వెళ్లాను. గడప మీద కూర్చుని బియ్యం ఏరుకుంటోంది. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: "నాకేముందయ్యగారూ, ఏ పళ్లెమైనా ఒకటే. మా మనవడు అడిగాడండీ, నాయనమ్మా, మన పళ్లెం ఏది అని. వాడికేం చెప్పాలో తెలీక రాలేదు."

పల్లెలో పుట్టిన నా చేతులతోనే ఆ పిల్లాడికి "మన పళ్లెం" అనే మాట నేర్పాను.

ఆ తర్వాత నెల ఒక్క పళ్లెమే పెట్టాను, అయిపోతే మళ్లీ అదే నింపాను. ప్రసంగానికి ముందు నిలబడి ఫలానా తప్పు చేశానని సంఘానికి చెప్పి, ఆ ముసలావిడ పేరు పెట్టి క్షమాపణ అడిగాను. రెండు కుటుంబాలు వెళ్లిపోయాయి. ఏడాదిన్నర తర్వాత ఒక కుటుంబం తిరిగి వచ్చింది. రెండోది రాలేదు.

గలతీ పత్రిక 2వ అధ్యాయంలో పేతురు చేసింది ఇదే కదా. అంతియొకయలో అన్యజనులతో, అంటే యూదులు కాని విశ్వాసులతో కలిసి భోజనం చేస్తూ చేస్తూ, యెరూషలేము నుంచి కొందరు రాగానే విస్తరి దగ్గర్నుంచి లేచిపోయాడు. సిద్ధాంతంలో పేతురు ఏమీ మార్చలేదు, ఎవర్నీ తిట్టలేదు. కూర్చునే చోటు మార్చాడు. పౌలు దాన్ని మర్యాద లోపం అని వదిలేయలేదు, "సువార్త సత్యము చొప్పున" నడవడం లేదని అందరి ఎదుటే అన్నాడు. పౌలు "మధ్యగోడ" అని ఎఫెసీయులకు రాసినప్పుడు చదివేవాళ్లకు యెరూషలేము దేవాలయంలో నిజంగా ఉన్న అడ్డుగోడ మనసులో మెదిలి ఉంటుంది. అన్యుడెవడైనా ఇది దాటితే వాడి చావుకు వాడే బాధ్యుడని దాని మీద గ్రీకులో చెక్కి ఉండేది. ఆ రాయి 1871లో యెరూషలేములో దొరికింది, ఇప్పుడు ఇస్తాంబుల్ మ్యూజియంలో ఉంది. క్రీస్తు తన శరీరంతో పడగొట్టిన గోడను మనం పళ్లేలతో, కుర్చీలతో, సమాధుల తోటల్లో కంచెలతో మళ్లీ కడుతున్నాం. మన ఊళ్లలో మాలపల్లెకో గుడి, మాదిగపల్లెకో గుడి ఎందుకున్నాయో అమెరికాలో ఉన్నవాళ్లు మరచిపోయినా ఊళ్లో ఉన్నవాళ్లకు తెలుసు. 2001లో డర్బన్‌లో జాత్యహంకారం మీద ప్రపంచ సదస్సు జరిగితే, కులం కూడా ఇందులోకే వస్తుందని దళితులు అక్కడిదాకా వెళ్లి అడిగారు. రంగు వేరు, కులం వేరు అని వాదించేవాళ్లు ఉండనీ. బల్ల దగ్గర రెండూ ఒక్కలాగే పనిచేస్తాయని నా కళ్లతో చూశాను.

డర్బన్ అన్నాను కాబట్టి ఒక మాట. 1860 నుంచి దక్షిణాఫ్రికాలో డర్బన్ ఉన్న నేటాల్ ప్రాంతపు చెరకు తోటలకు కూలీలుగా వెళ్లినవాళ్లలో మన తెలుగువాళ్లు చాలామంది. వాళ్లకోసం తెలుగు బాప్టిస్టు సంఘాలు చందాలు వేసుకుని 1903లో జాన్ రంగయ్యగారిని మిషనరీగా పంపాయి. తెల్లవాళ్ల దగ్గర అవమానం పడిన జనం వాళ్లు. ఏ జాతి ఎక్కడ ఉండాలో నిర్ణయించిన గ్రూప్ ఏరియాస్ చట్టం కింద ఇళ్లు పోగొట్టుకున్నారు. అయినా నేను అక్కడ రెండు నెలలు ఉన్నప్పుడు, అవమానం పడిన ఇళ్లలోనే ఆఫ్రికన్ల గురించి ఎలాంటి మాటలు దొర్లుతాయో విన్నాను. పైవాడి కాలు మన మెడ మీద ఉన్నప్పుడు కూడా మన కాలు ఎక్కడుందో చూసుకోవాలి.

ఇక సమాధానపడటం గురించి. మన తెలుగు బైబిల్లో శాంతికీ సమాధానమే, తెగిన బంధం కలవడానికీ సమాధానపడటమే. అందుకని మనవాళ్లు దాన్ని సర్దుకుపోవడం అనుకుంటారు. యిర్మీయా 6:14 అలాంటి సమాధానం గురించే: సమాధానం లేని వేళ సమాధానం, సమాధానం అంటూ నా ప్రజల గాయాన్ని పైపైన మాత్రమే బాగుచేస్తారు.

మత్తయి 5:23 మళ్లీ చదువు. అర్పణ తెచ్చినవాడికి జ్ఞాపకం రావలసింది ఏమిటి? "నీమీద నీ సహోదరునికి విరోధమేమైననున్నదని." నొచ్చుకున్నవాడు వెళ్లాలని అక్కడ లేదు. నొప్పించినవాడు అర్పణ అక్కడే వదిలేసి వెళ్లాలి. మీ సహవాసంలో పెద్దలు దీన్ని తలకిందులు చేశారు. ఏడ్చిన పిల్లనే వచ్చి సమాధానపడమంటున్నారు.

దక్షిణాఫ్రికాలో సరిగ్గా జరిగినచోట ఎలా జరిగిందో చూడు. బేయర్స్ నోడే అనే డచ్ రిఫార్మ్‌డ్ పాస్టరు ఉండేవాడు. తెల్లవాళ్ల రహస్య సంస్థ ఒకదాని స్థాపకుల్లో వాళ్ల నాన్న ఒకడు, తానూ అందులో సభ్యుడు. 1960లో షార్ప్‌విల్‌లో పోలీసులు 69 మందిని కాల్చి చంపాక ఆయన మనసు మారింది. 1963లో ప్రసంగవేదిక వదులుకున్నాడు, 1977 నుంచి ఏడేళ్లు ప్రభుత్వ నిషేధంలో గడిపాడు. ఆయన్ని వెలేసింది సొంత సంఘమే. 1986లో బెల్హార్ ఒప్పుకోలు అనే విశ్వాస ప్రకటనను స్వీకరించింది ఎవరనుకున్నావు? 1881లో వేరుచేసి పెట్టిన ఆ మిషన్ సంఘమే. మొదట ఐక్యత, తర్వాత సమాధానం, తర్వాత న్యాయం, మూడూ విడదీయరానివని రాసింది. 1990 నవంబరులో రస్టెన్‌బర్గ్‌లో సంఘాలన్నీ కూడినప్పుడు విల్లీ యోంకర్ అనే వేదాంత ఆచార్యుడు లేచి, తన పాపాన్నీ తన జాతి పాపాన్నీ పేరుపెట్టి ఒప్పుకున్నాడు. నల్లజాతి ఆర్చ్‌బిషప్ డెస్మండ్ టూటూ లేచి ఆ ఒప్పుకోలును స్వీకరించాడు.

టూటూ తరచూ చెప్పిన పోలిక ఒకటుంది. నువ్వు నా పెన్ను దొంగిలించి, క్షమించమని అడిగి, పెన్ను మాత్రం నీ జేబులోనే ఉంచుకుంటే ఏం జరిగినట్టు? అపార్తీడ్ పోయాక ఆ కాలపు నేరాలను విచారించిన సత్య, సమాధాన కమిషన్‌కు ఆయనే అధ్యక్షుడుగా ఉన్నాడు. 1996 నుంచి బాధితులు బహిరంగంగా మాట్లాడారు, క్షమాభిక్ష కావాలన్నవాళ్లు చేసింది పూర్తిగా చెప్పాలన్నది నియమం. ఏడు వేలకు పైగా అర్జీలు వస్తే క్షమాభిక్ష దొరికింది కొద్దిమందికే. నిజం చెప్పించడంలో అది గొప్ప పని చేసింది. పెన్ను తిరిగి ఇప్పించడంలో దేశం వెనకబడింది. బాధితులకు ఆరేళ్లపాటు ఏటా పరిహారం ఇవ్వాలని కమిషన్ సిఫారసు చేస్తే, ప్రభుత్వం 2003లో ఒక్కసారి 30,000 రాండ్లతో సరిపెట్టింది. ఆ అసంతృప్తి ఇప్పటికీ ఉంది. సుంకం వసూలు చేసే జక్కయ్య ప్రభువుతో "క్షమించు" అన్నట్టు లూకా రాయలేదు. "నాలుగంతలు మరల చెల్లింతును" అన్నాడని రాశాడు. ఆ మాట విన్నాకే ప్రభువు, ఈ ఇంటికి రక్షణ వచ్చిందన్నాడు.

మరి మీ చెల్లెలి విషయంలో ఏం చేయాలి?

అందరి ముందూ అన్న మాట అందరి ముందే వెనక్కి తీసుకోవాలి. గదిలో పిలిచి తల నిమిరితే సరిపోదు. పెద్దాయన దగ్గరికి ముందు నువ్వు ఒక్కడివే వెళ్లు, మత్తయి 18 చెప్పినట్టు. ఆదికాండం 9, 10 అధ్యాయాలు ఆయనతో కలిసి చదువు. ఆయన వయసుకు గౌరవం ఇవ్వు, గొంతు పెంచకు. వినకపోతే ఇద్దరు ముగ్గురు విశ్వాసుల్ని తీసుకుని వెళ్లు. అప్పటిదాకా మీ చెల్లెల్ని "నువ్వే తగ్గు" అని ఎవరూ అడగకుండా నువ్వు అడ్డం నిలబడు. ఆమె క్షమించవచ్చు, క్షమించాలి కూడా, కానీ ఆ రోజు ఎప్పుడన్నది పెద్దలు నిర్ణయించేది కాదు.

అబ్బాయి సంగతి. మన కుర్రాడైతే ఏం అడుగుతారో అవన్నీ అడగండి. విశ్వాసం ఎలా ఉంది, కోపం ఎలా ఉంది, డబ్బు ఎలా వాడతాడు, అమ్మతో ఎలా మాట్లాడతాడు. వేరే జాతి కాబట్టి ఎక్కువ అడగొద్దు, మొహమాటపడి తక్కువా అడగొద్దు. రెండు కుటుంబాల పద్ధతులు వేరు కాబట్టి పెళ్లయ్యాక కష్టాలుంటాయి, అవి దాచకుండా ఇద్దరితో మాట్లాడండి. ఒక ఆదివారం నువ్వు వాళ్ల సంఘానికి వెళ్లు, ఆరాధన అయ్యాక వాళ్లతో కూర్చుని భోంచేయి. తర్వాత వాళ్ల అమ్మానాన్నల్ని మీ ఇంటికి పిలువు. ముందు వాళ్లకు వడ్డించి మీరు తర్వాత తినే అతిథి మర్యాద వద్దు, ఒకే బల్ల దగ్గర, ఒకే గిన్నెలోంచి వడ్డించుకుని తినండి.

ఊళ్లో మీ అమ్మగారు బెంగపెట్టుకున్నారని రాశావు. నేను రాసిందంతా ఆవిడకు చదివి వినిపించు. సంఖ్యాకాండం 12 మాత్రం నువ్వు చదవకు, ఆవిడ చేత పైకి చదివించు. ఆ తర్వాత నాతో మాట్లాడతానంటే సాయంత్రాలు ఖాళీగానే ఉంటాను.